పదమూడు జట్లు: ఇష్ స్మిత్ మారాడా, మార్చారా?

బాస్కెట్‌బాల్ క్విజ్‌లలో తరచూ వచ్చే ప్రశ్న ఇది: అమెరికా బాస్కెట్‌బాల్ లీగ్ ఎన్‌బీఏలో అందరికంటే ఎక్కువ జట్లకు ఆడింది ఎవరు? జవాబు ఇష్ స్మిత్. 2022 అక్టోబరులో డెన్వర్ నగెట్స్ జెర్సీతో కోర్టులో దిగినప్పుడు అతనికది పదమూడో జట్టు. అంతకుముందు చకీ బ్రౌన్, జిమ్ జాక్సన్, టోనీ మాసెన్‌బర్గ్, జో స్మిత్ తలా పన్నెండు జట్లతో సమానంగా ఉండేవారు. ఈ జవాబు చెప్పేవాళ్ళలో చాలామంది చివర్న ఒక చిన్న నవ్వు కలుపుతారు. "పాపం, ఎక్కడా కుదురుకోలేకపోయాడు" అంటారు.

కుండ దొర్లిపోకుండా కింద పెట్టే చుట్టను మనం కుదురు అంటాం. మనిషికీ అలాంటిదొకటి ఉండాలనుకుంటాం. పెళ్ళి సంబంధం మాట్లాడేటప్పుడు అబ్బాయి ఆరేళ్ళలో అయిదు ఉద్యోగాలు మారాడని తెలిస్తే పెద్దవాళ్ళ మొహం మారిపోతుంది. ఆ కళ్ళతోనే స్మిత్ జాబితానూ చదువుతాం. హ్యూస్టన్, మెంఫిస్, గోల్డెన్ స్టేట్, ఒర్లాండో, మిల్వాకీ, ఫీనిక్స్, ఓక్లహోమా సిటీ, ఫిలడెల్ఫియా, న్యూ ఆర్లీన్స్, డెట్రాయిట్, వాషింగ్టన్, షార్లెట్, డెన్వర్. చదువుతుంటేనే ఊపిరి ఆడదు.

అయితే ఈ జాబితాను అలా చదవడం పొరపాటని నా గట్టి నమ్మకం. తెలుగులో మారడం వేరు, మార్చడం వేరు. ఈ పదమూడింటిలో స్మిత్ తనంతట తాను చూసుకుని, బేరమాడుకుని వెళ్ళినవి ముఖ్యంగా మూడే: 2016లో డెట్రాయిట్, 2019లో వాషింగ్టన్, 2021లో షార్లెట్. మిగతావి దాదాపు అన్నీ ట్రేడులు (జట్లు ఆటగాళ్ళను ఇచ్చిపుచ్చుకునే బేరాలు), లేదంటే ఒకరు వదిలేశాక ఇంకొకరి దగ్గర దొరికిన ఖాళీలు. అతన్ని తిప్పింది అతని ఆట కంటే అతని కాంట్రాక్టు.

చిల్లర నాణెం లాంటి కాంట్రాక్టు

వేక్ ఫారెస్ట్ యూనివర్సిటీలో నాలుగేళ్ళు ఆడినా జట్లు వరసగా కొత్త ఆటగాళ్ళను ఎంచుకునే డ్రాఫ్టులో, 2010లో, అతన్ని ఎవరూ తీసుకోలేదు. అసలు చిక్కు అక్కడే మొదలైంది. మొదటి రౌండులో ఎంపికైనవాడికి మొదటి రెండేళ్ళ జీతం ఖాయం. అతని మీద పెట్టుబడి పెట్టామన్న ఆలోచన యాజమాన్యానికి ఉంటుంది కాబట్టి తప్పులు చేసినా ఓర్చుకుంటుంది. డ్రాఫ్టు కానివాడి విషయంలో ఆ ఓర్పు ఉండదు. లీగ్ నిర్ణయించిన కనీస వేతనానికి, చాలాసార్లు హామీ లేకుండా సంతకం పెట్టాలి.

హామీ లేదంటే ఏమిటో చెప్పాలి. ఏటా జనవరి 10న ఆ సీజన్ కాంట్రాక్టులన్నీ పూర్తి హామీలోకి వస్తాయి. వదిలేసిన ఆటగాడు 48 గంటలు వేవర్లలో, అంటే మిగతా జట్లు కావాలంటే తీసుకోగల గడువులో, ఉండాలి. అంటే జట్టు ఒకణ్ణి వదిలించుకోదలిస్తే జనవరి 7లోపు తేల్చేయాలి. అందుకే బెంచి చివర్న కూర్చునేవాళ్ళకు సంక్రాంతి ముందు వారమంతా గుండె దడే. ఆ రోజుల్లో ఒక పెద్ద ఆటగాడి మోకాలు వాచినా, ఒక కుర్రాడు కింది లీగ్‌లో బాగా ఆడుతున్నా, ఖాళీ చేయాల్సింది వీళ్ళ కుర్చీయే. వీళ్ళు ఎలా ఆడారన్నదానితో దానికి సంబంధం ఉండనక్కర్లేదు.

ట్రేడుల లెక్క ఇంకో రకం. 2011 ఫిబ్రవరిలో హ్యూస్టన్ షేన్ బాటియేను మెంఫిస్‌కు పంపుతూ స్మిత్‌నూ జత చేసింది. 2013 ఫిబ్రవరిలో ఒర్లాండో జేజే రెడిక్‌ను మిల్వాకీకి పంపుతూ మళ్ళీ స్మిత్‌ను కలిపింది. ఆ ఆగస్టులోనే మిల్వాకీ అతన్నీ క్రావ్‌త్సోవ్ అనే ఇంకో ఆటగాణ్ణీ ఫీనిక్స్‌కు ఇచ్చి కారన్ బట్లర్‌ను తెచ్చుకుంది. ఈ మూడు బేరాల్లోనూ పత్రికల శీర్షిక వేరేవాళ్ళది. ఒక జట్టులో పదిహేను చోట్లే ఉంటాయి. ముగ్గుర్ని తెచ్చుకుంటే ముగ్గుర్ని పంపాలి, జీతాల మొత్తాలు దగ్గర దగ్గరగా సరిపోవాలి. కనీస వేతనం కాంట్రాక్టు ఏ మూటలోనైనా ఒదిగిపోతుంది. సరుకు బేరం కుదిరాక మిగిలిన తేడాకు ఇచ్చే చిల్లర లాంటిది అది. చిల్లర చేతులు మారుతుందంటే చెల్లదని అర్థం కాదు.

చెల్లుతుంది కాబట్టే చేతులు మారుతుందని నేను అంటాను. నిజంగా పనికిరానివాడి పేరు రెండో ఏడు దాటి ఈ లెక్కల్లో కనపడదు. అతను ఇంటికి వెళ్ళిపోతాడు, లేదా సముద్రం దాటతాడు.

పన్నెండు జట్ల నలుగురినీ పక్కపక్కన పెట్టి చూసినా ఇదే తెలుస్తుంది. జో స్మిత్ 1995 డ్రాఫ్టులో మొట్టమొదటి పేరు. జిమ్ జాక్సన్ 1992లో నాలుగో పేరు. పెద్ద పేరుతో వచ్చి తిరిగినవాళ్ళు వాళ్ళు. జో స్మిత్ మిన్నెసోటాతో చాటుగా చేసుకున్న ఒప్పందం 2000లో బయటపడింది. లీగ్ ఆ కాంట్రాక్టును రద్దు చేసి, జట్టుకు 35 లక్షల డాలర్ల జరిమానా వేసి, మొదటి రౌండు డ్రాఫ్టు హక్కులూ లాక్కుంది. అతని దారి మలుపు తిరగడంలో ఆటకు ఎంత భాగం ఉంది, కాగితానికి ఎంత ఉంది? ఇష్ స్మిత్ వచ్చిన దారి దీనికి పూర్తిగా ఎదురు. అట్టడుగున మొదలై తిరిగాడు. ఇద్దరినీ ఒకే మాటతో 'జర్నీమాన్' అనేస్తాం.

ఆ మాట గురించి ఒక పిడకల వేట. అందులో జర్నీ ఉంది కదా అని ఊళ్ళు తిరిగేవాడనుకుంటాం. నిజానికి దాని వేరు ఫ్రెంచిలో రోజు అనే మాట. పనితనం నేర్చుకోవడం పూర్తయి, సొంత దుకాణం లేక, రోజు లెక్కన ఇంకొకరి దగ్గర పనిచేసే చేతివృత్తివాణ్ణి అలా పిలిచేవారు. మన మేస్త్రీల్లో ఇలాంటివాళ్ళు ఎందరో. పనితనానికి వంక పెట్టలేం, లేనిదల్లా సొంత కొట్టు. స్మిత్‌కు ఈ అర్థమే సరిపోతుంది.

పది రోజుల కూలి

రోజు లెక్క అన్నది ఇక్కడ పోలిక కోసం వాడిన మాట కాదు. ఎన్‌బీఏలో పది రోజుల కాంట్రాక్టు నిజంగా ఉంది. జనవరి 5 నుంచి ఇవ్వొచ్చు. పది రోజులు లేదా మూడు మ్యాచ్‌లు, ఏది ఎక్కువైతే అది. ఒక సీజన్లో ఒకే జట్టు ఒకే ఆటగాడికి రెండుసార్లే ఇవ్వగలదు. ఆ తర్వాత సీజన్ చివరిదాకా ఉంచుకోవాలి, లేదా వదిలేయాలి. 2023-24 లెక్కల్లో అనుభవం లేనివాడి కనీస వార్షిక వేతనం 11,19,563 డాలర్లు. సీజన్ 174 రోజులు కాబట్టి పది రోజుల కూలి 64,343 డాలర్లు. పదేళ్ళు పైబడినవాడికి వార్షికం 31,96,448, అంటే పది రోజులకు లక్షా 83 వేల పైచిలుకు.

పదేళ్ళ అనుభవం ఉన్నవాడు అంత ఖరీదైతే జట్లు కుర్రాళ్ళనే తీసుకోవా? తీసుకునేవే. అందుకని లీగ్ ఒక ఏర్పాటు చేసింది. ఏడాది కాంట్రాక్టు మీద కనీస వేతనానికి వచ్చిన అనుభవజ్ఞుడికి జట్టు రెండేళ్ళ అనుభవం ఉన్నవాడి రేటే భరిస్తుంది. ఆ సీజన్లో అది 20,19,706 డాలర్లు. మిగతాది లీగ్ ఖాతా నుంచి వస్తుంది. ముప్పై ఏళ్ళు దాటిన బ్యాకప్ గార్డులు ఈ రోజుకీ బెంచీల మీద కనపడుతున్నారంటే ఈ ఒక్క నిబంధన చలవ చాలా ఉంది.

ఈ అంకెలు చూసి "ఇంత డబ్బు వస్తుంటే బాధేమిటి?" అనేవాళ్ళుంటారు. న్యాయమైన ప్రశ్నే. ఏ దేశపు సగటు జీతంతో పోల్చినా ఇది చాలా పెద్ద డబ్బు. కాకపోతే ఏజెంటు వాటా గరిష్ఠంగా 4 శాతం, కేంద్ర పన్ను, మ్యాచ్ ఆడిన ప్రతి రాష్ట్రంలో పనిరోజుల లెక్కన కట్టాల్సిన పన్ను పోవాలి. టెక్సస్, ఫ్లోరిడా, టెన్నెసీలలో రాష్ట్ర ఆదాయపు పన్ను లేదు, కాలిఫోర్నియాలో బాగా ఎక్కువ. ఏడాది మధ్యలో ఊరు మారినవాడు ఒక అద్దె ఒప్పందం తెంపుకోవాలి, ఇంకొకటి రాసుకోవాలి. అన్నిటికన్నా ముఖ్యమైనది పింఛను. మూడేళ్ళ సర్వీసు నిండితేనే ఆ హక్కు. 2016లో ఆటగాళ్ళ సంఘం మంజూరు చేసిన, విరమణ తర్వాతి ఆరోగ్య బీమాకూ మూడేళ్ళే గీత. రెండేళ్ళ ఆటగాడికి మూడో ఏటి కాంట్రాక్టు అంత ముఖ్యం కావడం అందుకే.

మధ్యలో వచ్చినవాడి పని

ఈ వృత్తిలోని అసలు నైపుణ్యం స్కోరు పట్టికలో కనపడదు. ఫిబ్రవరిలో కొత్త జట్టుకు వచ్చిన బ్యాకప్ పాయింట్ గార్డు (బంతి నడిపేవాడికి బదులుగా దిగేవాడు) ఏం చేయాలో చూడండి. ముందు వైద్య పరీక్ష. అందులో ఎవరైనా తప్పితే ట్రేడే రద్దు కావచ్చు. తర్వాత జట్టు ఆటల పుస్తకం చేతికొస్తుంది. అందులో పదుల కొద్దీ సెట్లు, అంటే ముందే కట్టిన ఎత్తులు, ఉంటాయి. రాత్రి మ్యాచ్ ఉంటే అన్నీ నేర్చుకునే తీరిక ఉండదు. కాబట్టి ముందు బంతిని గీత బయటి నుంచి లోపలికి వేసే ఇన్‌బౌండ్ ఆటలు, టైమ్‌అవుట్ తర్వాత వేసే రెండు మూడు ఆటలు, పిక్ అండ్ రోల్‌ను (ఒకడు అడ్డు నిలిచి, అంటే పిక్ వేసి, బంతి ఉన్నవాడికి దారి చేసే ఆట) కాచే పద్ధతి చూసుకోవాలి. ఇన్‌బౌండ్ ముందు ఎందుకంటే, అక్కడ తికమకపడితే అయిదు సెకన్లు గడిచి బంతి ఎదుటివాళ్ళ చేతికి పోతుంది, లేదా ఒక టైమ్‌అవుట్ వృథా అవుతుంది.

మిగతా స్థానాల్లో ఉన్నవాడికి తన చోటు తెలిస్తే గడిచిపోతుంది. పాయింట్ గార్డుకు అయిదుగురి చోట్లూ తెలియాలి, పిలుపు ఇచ్చేది అతనే. ఇక్కడే పెద్ద తప్పులు జరుగుతాయి. కోర్టు పక్క అంచున పిక్ వేసినప్పుడు బంతి ఉన్నవాణ్ణి మధ్యకు రానివ్వకుండా అంచువైపే తొయ్యడాన్ని ఒక జట్టు 'ఐస్' అంటుంది, ఇంకొకటి 'బ్లూ', మరొకటి 'డౌన్'. చేసే పని ఒకటే, పేర్లు వేరు. నిన్నటిదాకా 'బ్లూ' అన్నవాడు ఒత్తిడిలో నోరు జారి అదే అంటాడు. వెనక బుట్ట దగ్గర కాచే సెంటర్‌కు అర్థం కాక అర సెకను ఆగుతాడు. ఆ అర సెకనులో దారి తెరుచుకుని బుట్ట పక్కనుంచి వేసే లేఅప్ పడిపోతుంది. ప్రేక్షకులకు సెంటర్ తప్పే కనపడుతుంది.

దాని తర్వాత మనుషుల్ని తెలుసుకోవడం. ఈ షూటర్‌కు బంతి ఛాతీ ఎత్తులో కావాలా, కొంచెం కిందకా? ఈ సెంటర్ గాల్లో అందుకుంటాడా, నేల మీద ఎగిరొచ్చే పాస్ అడుగుతాడా? ఏడాదంతా కలిసి ఆడినవాళ్ళకు ఇది వంటబట్టి ఉంటుంది. స్మిత్ లాంటివాడు వారంలో పట్టేయాలి. పదమూడు జట్లలో అదే పని మళ్ళీ మళ్ళీ చేశాడు.

దీనికి నా దగ్గరున్న గట్టి సాక్ష్యం ఫిలడెల్ఫియా. 2015 డిసెంబరు 24న సెవెంటీసిక్సర్స్ లెక్క 1 గెలుపు, 30 ఓటములు. జట్టులో నెర్లెన్స్ నోయెల్, జలీల్ ఒకఫోర్ అనే ఇద్దరు ఎత్తైన కుర్రాళ్ళున్నారు, వాళ్ళకు సరైన చోట బంతి అందించేవాడు లేడు. ఆ రోజు రెండు రెండో రౌండు డ్రాఫ్టు హక్కులిచ్చి న్యూ ఆర్లీన్స్ నుంచి స్మిత్‌ను తెచ్చారు. విశేషమేమంటే అంతకు కొద్ది నెలల ముందు వసంతంలో అతను ఇదే ఫిలడెల్ఫియాకు ఆడాడు. వేసవిలో పోనిచ్చారు, చలికాలంలో కొనుక్కున్నారు. డిసెంబరు 26న ఫీనిక్స్ మీద గెలిచారు. ఫీనిక్స్ కూడా అతని పాత జట్టే. ఆ సీజన్ ఫిలడెల్ఫియాకు ఆడిన మ్యాచ్‌లలో అతని సగటు దాదాపు 15 పాయింట్లు, 7 అసిస్టులు (తోటివాడి బుట్టకు దారితీసిన పాస్‌లు).

ఇక్కడ నన్ను ఆపి అడగొచ్చు: ఆ జట్టు చివరికి 10 గెలుపులు, 72 ఓటములతోనే ముగించింది కదా, ఇదేం గొప్ప? నిజమే, తొమ్మిది గెలుపులు పెరిగాయంటే ఊరేగింపు చేయాల్సిన పని లేదు. కాని నేను చూసేది ఇంకోటి. బంతి అందించేవాడు లేకపోతే పెద్ద కుర్రాళ్ళ ఆటను కొలవడమే కుదరదు. వాళ్ళు చెడ్డగా ఆడుతున్నారా, వాళ్ళకు బంతి రావడం లేదా అన్నది తేలదు. స్మిత్ వచ్చాక అది తేలడం మొదలైంది. రెండు డ్రాఫ్టు హక్కుల ధర అప్పట్లో ఎక్కువన్నవాళ్ళు ఉన్నారు. నాకు ఎక్కువనిపించదు. ఆ సీజన్ తర్వాతే డెట్రాయిట్ అతనికి మూడేళ్ళకు కోటీ 80 లక్షల డాలర్లు రాసిచ్చింది. లీగ్‌లో అడుగుపెట్టిన ఆరేళ్ళకు అతని పేరు మీద పడిన స్థిరమైన కాంట్రాక్టు అది.

నా వాదనలో బలహీనమైన చోటు

ఆటను పూర్తిగా పక్కన పెట్టి అంతా కాంట్రాక్టు మీదకు నెట్టేస్తే నిజాయితీ అనిపించుకోదు. స్మిత్ ఎత్తు ఆరడుగులు. దూరం నుంచి వేసే మూడు పాయింట్ల షాట్ అతని బలం ఎప్పుడూ కాదు. అలాంటి గార్డుకు ఎదుటివాడు పిక్ పైనుంచి రాడు, కిందనుంచి జారి ముందుకొచ్చి నిలబడతాడు. "వెయ్, చూద్దాం" అన్నట్టు చోటు వదులుతాడు. అప్పుడు అతని మెరుపు వేగం సగం వృథా. మామూలు సీజన్లో ఎదుటి జట్టుకు రాత్రికో ప్రత్యర్థి, ఇంత వివరంగా తయారయ్యే తీరిక ఉండదు. సీజన్ తర్వాత టైటిల్ కోసం జరిగే ప్లేఆఫ్స్‌లో ఒకే జట్టుతో ఏడు మ్యాచ్‌లదాకా ఆడాలి, లోపం దాగదు. షాట్ ఇంకాస్త గట్టిగా ఉంటే జాబితా పొట్టిగా ఉండేదని ఒప్పుకుంటాను.

అంతకన్నా పెద్ద సందేహం ఇంకొకటి. స్మిత్ కథ మనకు తెలిసింది అతను నిలిచాడు కాబట్టి. పనితనం ఉన్నవాడికి పిలుపు వస్తూనే ఉంటుందని దీన్నుంచి తేల్చేస్తే ఆండ్రే ఇంగ్రామ్‌కు అన్యాయం చేసినట్టే. అమెరికన్ యూనివర్సిటీలో ఫిజిక్స్ చదివిన షూటర్. పదేళ్ళు కింది లీగ్‌లోనే 384 మ్యాచ్‌లు ఆడాడు. ఆ లీగ్‌లో అప్పట్లో ఏడాది జీతం 19 వేల నుంచి 26 వేల డాలర్లు. చాలక పిల్లలకు లెక్కల ట్యూషన్లు చెప్పాడు. 2018 ఏప్రిల్ 10న, సీజన్ ఇక రెండు మ్యాచ్‌లుందనగా, లేకర్స్ పిలిచింది. హ్యూస్టన్ మీద 19 పాయింట్లు, మూడు పాయింట్ల షాట్లు అయిదు వేస్తే నాలుగు పడ్డాయి. ముప్పై రెండేళ్ళ మనిషికి ఆ రెండు మ్యాచ్‌ల కాంట్రాక్టు కింద వచ్చింది 13,824 డాలర్లు. ఇంగ్రామ్‌కు లేనిది, స్మిత్‌కు ఉన్నది ఏమిటి? ఎంత ఆలోచించినా నాకు దొరికే జవాబు స్థానమే. బంతి నడిపేవాడు గాయపడితే ఆ రోజే ఇంకొకడు కావాలి. షూటర్ గాయపడితే ఉన్నవాళ్ళతో సర్దుకోవచ్చు.

ఆ ఇరుకు గుమ్మం దగ్గర మన దేశపు మూలాలున్నవాళ్ళూ నిలబడ్డారు. పంజాబీ తల్లిదండ్రులకు టొరంటోలో పుట్టిన సిమ్ భుల్లర్ ఏడడుగుల అయిదు అంగుళాల మనిషి. భారత సంతతి నుంచి ఎన్‌బీఏలో ఆడిన మొదటివాడు. 2015 ఏప్రిల్‌లో శాక్రమెంటో పది రోజుల కాంట్రాక్టు మీదే అతను కోర్టులో దిగాడు. ఆడింది మూడు మ్యాచ్‌లు. ఆ తర్వాత తైవాన్‌లో చాలాకాలం ఆడాడు. అదే ఏడు డ్రాఫ్టులో 52వ పేరుగా డాలస్ ఎంచుకున్న సత్నామ్ సింగ్‌కు ఆ పది రోజులు కూడా రాలేదు. కింది లీగ్ జట్టు టెక్సస్ లెజెండ్స్‌తో సరిపెట్టుకోవాల్సి వచ్చింది.

విదేశీ లీగ్‌లకు వెళ్ళినవాడి కష్టం వేరు. ఇల్లు, కారు క్లబ్బే ఇస్తుంది, పన్ను పోగా చేతికొచ్చే మొత్తమే కాంట్రాక్టులో రాస్తారు. వినడానికి బాగుంటుంది. నాలుగు నెలలు గడిచాక జీతం ఆగితే? ఇలాంటి తగాదాల కోసమే ప్రపంచ బాస్కెట్‌బాల్ సమాఖ్య ఫిబా 2007లో జెనీవాలో ఒక మధ్యవర్తిత్వ వ్యవస్థ పెట్టింది. తీర్పు వచ్చినా డబ్బు కట్టని క్లబ్బు కొత్త ఆటగాళ్ళను నమోదు చేసుకోకుండా నిషేధిస్తారు. కాకపోతే కాంట్రాక్టులో ఆ మధ్యవర్తిత్వం క్లాజు ఉండాలి. లేకపోతే ఆ దేశపు కోర్టుల చుట్టూ తిరగాలి. సంతకం ముందు చూసుకోవాల్సిన మొదటి వాక్యం అదే. చాలామంది జీతం అంకె దగ్గరే ఆగిపోతారు.

మన దగ్గరైతే ఇలా తిరగడానికి కూడా పెద్దగా దారి లేదు. దేశంలో మంచి బాస్కెట్‌బాల్ ఆటగాడంటే రైల్వేలోనో, ఓఎన్‌జీసీలోనో, సైన్యంలోనో ఉద్యోగి. 2015లో మొదలైన యూబీఏ అనే దేశీ లీగ్‌లో హైదరాబాద్ స్కై అనే జట్టుండేది, ఆ లీగే రెండు మూడేళ్ళకు ఆగిపోయింది. స్పోర్ట్స్ కోటా ఉద్యోగం కుదురునిస్తుంది, దాన్ని తక్కువ చేయను. కాని ఇరవై అయిదేళ్ళ మంచి గార్డుకు నాలుగు రకాల కోచ్‌ల దగ్గర నాలుగు రకాల ఆట నేర్చుకునే అవకాశం అది ఇవ్వదు.

డెన్వర్ ఉంగరం

2022 జులైలో, అప్పటికి అతను షార్లెట్ నుంచి తిరిగి చేరిన వాషింగ్టన్ అతన్ని కెంటేవియస్ కాల్డ్‌వెల్-పోప్‌తో కలిపి డెన్వర్‌కు పంపింది. బదులుగా మోంటే మోరిస్, విల్ బార్టన్ అటు వెళ్ళారు. శీర్షికలో మళ్ళీ వేరేవాడి పేరే. 2023 జూన్‌లో డెన్వర్ మయామీని 4-1తో ఓడించి మొదటిసారి ఛాంపియన్ అయింది. ప్లేఆఫ్స్‌లో స్మిత్ దాదాపు మొత్తం బెంచీ మీదే ఉన్నాడు. ఛాంపియన్ జట్టువాళ్ళకు గుర్తుగా ఉంగరం ఇస్తారు. అయితే అది అతని ఉంగరమేనా?

సందేహం లేకుండా అతనిదే. పదిహేనుమంది జట్టులో మ్యాచ్ ఆడేది తొమ్మిది పదిమంది. మిగతావాళ్ళు ప్రాక్టీసులో ఎదుటి జట్టు వేషం కడతారు. రేపు రాబోయే గార్డు ఎలా దూసుకొస్తాడో వాడిలాగే దూసుకొచ్చి చూపించాలి. పన్నెండు జట్ల ఆటల పుస్తకాలు చదివినవాడికంటే ఆ పనికి తగినవాడు ఎవరుంటారు?

ఆ వేసవి అతనికి ముప్పై అయిదేళ్ళు నిండాయి. ఉంగరంతో ఆపేయొచ్చు. 2023-24 సీజన్ మొదలయ్యాక గాయాలతో గార్డులు తగ్గిన షార్లెట్ మళ్ళీ పిలిచింది. అతను పుట్టిన ఊరు. వెళ్ళాడు. ఆ జట్టు 21 గెలిచి 61 ఓడింది. షార్లెట్ పేరు జాబితాలో ముందే ఉంది కాబట్టి లెక్క పదమూడు దగ్గరే ఉండిపోయింది.